శబ్దం లేని టీవీకి సగం రేటు

ఈ ఉదయం టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, మా డాబా మీదున్న డిష్ తాలూకు కంపెనీ నుంచి ఫోన్‌కి సందేశం వచ్చింది, ప్యాక్ గడువు ఇవాళ్టితో అయిపోతుందని, వెంటనే రీఛార్జి చేసుకోమని. కిందటిసారి కన్నా ధర కొంచెం పెరిగినట్టు కనపడింది. రిటైరయ్యాక ఈ బెంగాలీ రైల్వే ఊరి చివర మలంచాలో కట్టుకున్న ఈ ఇంట్లో పొద్దున్న పూట నాకు పెద్ద పనేమీ ఉండదు కాబట్టి, వాళ్ల నంబరుకి ఫోన్ చేశాను. హిందీ కావాలంటే ఒకటి నొక్కమంది, బంగ్లా కావాలంటే ఇంకొకటి నొక్కమంది, తెలుగు ఊసెత్తలేదు. నొక్కవలసినవన్నీ నొక్కాక ఒక అమ్మాయి గొంతు పలికింది. ధర ఎక్కువగా ఉంది, కనెక్షన్ మానేద్దామనుకుంటున్నాను అని ఒకే ఒక్క మాట అన్నాను. వెళ్లిపోతానంటేనే వాళ్లు దాచుకున్న రాయితీ బయటికి తీస్తారని ఈ మధ్య ఒక వారపత్రికలో చదివాను, అది నిజమేనని తేలింది. ఆ అమ్మాయి కాసేపు ఏదో సంగీతం వినిపించి, తిరిగి వచ్చి, తగ్గింపు ఇచ్చామనీ, పైగా రెండు సినిమా ఛానెళ్లు కొన్నాళ్లు ఉచితమనీ చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. ఎందుకు తగ్గించారో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. నేనెవరో ఆమెకు తెలియదు, ఆమె ఏ ఊళ్లో కూర్చుని మాట్లాడుతోందో నాకు తెలియదు. ఇద్దరం మర్యాదగా ఫోన్ పెట్టేశాం.

నా ఈడు వాళ్లకి కేబుల్ అంటే ఫోన్ నంబరు కాదు, ఒక మనిషి. మేం ఉద్యోగం చేసిన రోజుల్లో పూరీ గేట్ అనే మా ఊరి రైలు గేటు అవతల ఒక మేడ మీద గది తీసుకుని, దాని పైకప్పు మీద డిష్‌లు పెట్టి, మా రైల్వే క్వార్టర్ల లైన్లన్నిటికీ తీగలు లాగిన బెంగాలీ అతను ఒకడుండేవాడు. అతన్ని లైనంతా దాదా, అంటే అన్న, అనే పిలిచేవారు. అసలు పేరు ఆ తీగల్లాగే స్తంభాల మీద ఎక్కడో ఉండిపోయింది. మొదట్లో అతను ఇచ్చినవి బంగ్లా, హిందీ, ఆటల ఛానెళ్లు. మా లైనులో సగం పైగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు వర్క్‌షాపుల్లో పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. అందరూ బంగ్లా మాట్లాడగలరు, హిందీలో తగవు కూడా ఆడగలరు, కానీ సాయంత్రం పూట కుర్చీలో కాళ్లు చాపుకుని చూడటానికి తెలుగే కావాలి. అందుకోసం దాదా మరో వైపు తిరిగి చూసే రెండో డిష్ పెట్టించాడు, దానికి అదనపు రేటు అన్నాడు. ఆ అదనపు రేటు దగ్గర మొదలైంది మా ఆవిడకీ అతనికీ మధ్య ఏళ్ల తరబడి సాగిన వ్యవహారం.

ఆ వ్యవహారానికి ఏటా ఒక రోజు ఉండేది. బెంగాలీలకు దుర్గాపూజ అయిన తరువాత పెద్దవాళ్ల ఇళ్లకు మిఠాయి పట్టుకెళ్లి కాళ్లకు దణ్ణం పెట్టి రావడం ఆచారం. దాదా ఆ ఆచారం తప్పేవాడు కాదు. వాళ్లావిడ చేసిన కొబ్బరి ఉండల పొట్లం పట్టుకుని మా వరండాలోకి వచ్చి, మా నాన్న కాళ్లు తాకి, "జేఠూ, బాగున్నారా" అని పలకరించి కూర్చునేవాడు. తండ్రి కన్నా పెద్దవాళ్లను వాళ్లు అలా పిలుస్తారు. ఆ పలకరింపు అయ్యాక, కొత్త ఏడాది రేటు చెప్పేవాడు. పండగా, పెంపూ ఒకే చేతి సంచీలో తెచ్చేవాడన్నమాట. అతను వచ్చాడని తెలియగానే లైనులోని ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. ఎందుకంటే మా ఆవిడ తెగ్గొట్టిన రేటే లైనంతటికీ రేటు. తెగేదాకా ఆ పొట్లం కిటికీ గట్టు మీద అలాగే ఉండేది, ఎవరూ విప్పేవారు కాదు. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు కానీ, రేటు తెగకుండా తీపి తింటే మాట మెత్తబడిపోతాది అనేది మా ఆవిడ.

మా నాన్న గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. ఆయన బాయిలర్ షాపులో పనిచేశారు. పెద్ద పెద్ద ఇనప డబ్బాల లోపల కూర్చుని రివెట్లు కొట్టించుకున్న తరం. ఆ షాపులో పనిచేసిన వాళ్లలో ముసలితనానికి చెవులు మిగిలినవాళ్లు తక్కువ. రిటైరయ్యేనాటికి ఆయనకి పక్కన కూర్చుని అరిచినా వినపడేది కాదు. చదువుకోలేదు కాబట్టి రాసి చూపించినా లాభం లేదు. అప్పుడు నేను మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయం నుంచి పిల్లల బొమ్మల పుస్తకాలు తెచ్చి ఆయనకి అక్షరాలు నేర్పాను. ఆ గ్రంథాలయంలో తెలుగుకి రెండు బీరువాలుండేవి. పదో తరగతి దాటని నేను ఆ రెండు బీరువాలనూ పై అర నుంచి కింది అర దాకా చదివినవాణ్ణని ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. నాన్న అంత దూరం రాలేదు కానీ, కూడబలుక్కుని చదవడం దాకా వచ్చారు. ముసలితనంలో చదువు నేర్చినవాళ్లు లోలోపల చదువుకోలేరు, పెదాలు కదలాలి, గొంతు లేవాలి. ఆయన గొంతు ఎంత లేస్తోందో ఆయన చెవికి తెలియదు. బాయిలర్ లోపల ఉన్నవాణ్ణి బయటి నుంచి పిలిచే గొంతు అది.

తెలుగు వార్తా ఛానెల్ వచ్చాక, తెర అడుగున పట్టీలా పరుగెత్తే అక్షరాలు ఆయనకి దొరికాయి. టీవీకి శబ్దం పూర్తిగా తగ్గించేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ స్క్రోలింగ్ చదవడం మొదలుపెట్టారు. అక్షరాలు ఆయన కన్నా వేగంగా పోయేవి. సగం వాక్యం చదివేసరికి మిగతా సగం గోడలోకి వెళ్లిపోయినట్టు మాయమయ్యేది. అది మళ్లీ తిరిగి వచ్చేదాకా వేరే వార్త తాలూకు సగం చదివేవారు. అందువల్ల మా లైనుకి వార్తలు ముక్కలుగా చేరేవి. "ఆమదాలవలస దగ్గర పట్టాలు తప్పిన" అని కేక వినపడేది. ఆ వైపు అల్లుణ్ణి పెట్టుకున్న పక్కింటావిడ చేతిలో చేటతోనే మా వాకిట్లోకి వచ్చి నిలబడేది. నాన్న మధ్యలో ఉల్లి ధరలు, ఒక మంత్రిగారి పర్యటన సగం సగం చదివేవారు. చివరికి "గూడ్సు బండి, ఎవరికీ ప్రమాదం లేదు" అనేసరికి ఆవిడ చేట దులుపుకుని వెళ్లేది. వర్షాకాలంలో నాగావళిలో నీళ్లు ఎంత వచ్చాయో, వంశధారకి గేట్లు ఎత్తారో లేదో, అన్నీ ఆ గొంతులోనే తెలిసేవి. చెవులు పోయాక మాటలు బాగా తగ్గించేసిన మనిషికి, రోజులో నోరు విప్పి మాట్లాడటమంటే ఆ చదవడమే.

ఈ సంగతి మా ఆవిడకి బేరంలో ఆయుధంగా కూడా పనికి వచ్చింది. ఒక ఏడు దాదా ఎక్కువే పెంచాడు.

"పైనోళ్లు పెంచీసినారు బౌదీ, హమ్ క్యా కరేగా?" అన్నాడు. బౌదీ అంటే బంగ్లాలో వదిన. మా లైన్లలో తిరిగి తిరిగి అతనికి మా తెలుగే వచ్చేసింది, మధ్యమధ్య హిందీ దూరేది.

"పైనోళ్లు పెంచితే పైనోళ్లనే అడుగు, మాకేటి సెప్తావు దాదా? మొన్న గాలీవానకి బొమ్మ రానేదు. ఆ రోజులకి డబ్బులు తగ్గించినావేటి?"

"గాలీవాన నాను తెచ్చినానా?"

"రేటు మాత్రం నువ్వే తెచ్చినావు కదా, కొబ్బరుండలతో పాటు."

మెట్ల మీద నవ్వులు. దాదా కూడా నవ్వి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడు మా ఆవిడ గొంతు తగ్గించి, ఎంతో న్యాయమైన విషయం చెబుతున్నట్టు అంది:

"సూడు దాదా, నాయం మాటాడు. మా ఇంట్లో సబ్దమే వాడం. మావయ్యకి సెవులు వినపడవు, ఒట్టి బొమ్మే సూస్తాడు. సబ్దం అంతా మిగిలిపోతంది. మాకు సగం రేటు ఏసుకో."

దాదా ఒక్క క్షణం ఆలోచించినట్టు పైకి చూశాడు. "మిగిలిన సబ్దం నాకు వాపస్ ఇచ్చీ బౌదీ. వేరే ఇంటికి ఇచ్చుకుంటాను."

"మా ఇంటికియ్యి దాదా," అంది పక్కింటావిడ, "మా ఆయన నోట్లోంచి మాటే రాదు."

అందరూ నవ్వుతుంటే కుర్చీలోంచి మా నాన్న ఒక్కొక్కరి ముఖమూ చూసి, "ఏటంట? పెంచీసినాడేటి?" అని అరిచారు. రేటు అక్కడే తెగింది. కిందటేటి మీద కొంచెం ఎక్కువ, దాదా చెప్పినదాని మీద బాగా తక్కువ, దానికి తోడు పక్క గదిలోని చిన్న టీవీకి తీగ ఉచితం, లైనుకి ఒక ఒడియా ఛానెల్ కొసరు. ఆ అంకె దగ్గరికే వస్తామని ఇద్దరికీ మొదటి నుంచీ తెలుసని నా అనుమానం. అయినా ఒక పూటంతా పట్టేది. తరువాత పొట్లం విప్పేవారు.

నేను ఆ మెట్ల మీది సభలో ఎప్పుడూ లేను. గదిలో కిటికీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. సంతల చరిత్ర గురించి మా గ్రంథాలయంలో నేను చదివిన ఒక పుస్తకంలో, ధర రాసిపెట్టి అమ్మే పద్ధతి వచ్చాకే కొనేవాడికి గౌరవం వచ్చిందని, అంతకుముందు నోరున్నవాడిదే లాభమని రాసి ఉంది. నాకది సబబుగా తోచింది, ఇప్పటికీ చాలావరకు సబబే. మా ఆవిడ నోరు ఉండబట్టి మా లైనుకి తక్కువ రేటు, అవతలి లైనులో అలాంటి నోరు లేక వాళ్లకు ఎక్కువ రేటు, ఇదేం న్యాయం అనుకునేవాణ్ణి.

అందుకని, ఇంటింటికీ సెట్‌టాప్ పెట్టె పెట్టాలి, ఒక్కొక్క ఛానెల్‌కీ ధర ప్రకటించాలి, ఎవరికి కావలసినవి వాళ్లు ఎంచుకోవాలి అనే కొత్త నియమం వస్తోందని రీడింగ్ రూంలో పేపర్లో చదివినప్పుడు నేను సంతోషించాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ ప్రకటన మొత్తం చదివాను. ఆ ఏడు పూజ అయ్యాక దాదా ఎప్పటిలాగే పొట్లంతో వచ్చాడు. ఆడవాళ్లు మెట్ల మీద సర్దుకున్నారు. మా ఆవిడ కొంగు బిగించి, "సెప్పు దాదా, ఈసారెంత మింగుదామని?" అంది.

"ఈసారి నాను సెప్పడానికేటీ నేదు బౌదీ. ముందు ముందు రేటు నా సేతిలో ఉండదు. ఛానెల్‌కింత అని అక్కడే రాసీస్తారు. మీరు ఎంచుకోడం, నాను డబ్బులు తీసుకోడం, బస్."

"తగ్గించమంటే?"

"ఎవర్ని అడుగుతావు? నాకే తెల్దు."

దాదా టీ తాగి, నాన్న కాళ్లకి దణ్ణం పెట్టి తొందరగానే వెళ్లిపోయాడు. పొట్లం కిటికీ గట్టు మీద ఉండిపోయింది. రేటు తెగనిదే విప్పకూడదు, తెగడానికి రేటు లేదు. మర్నాటికి చీమలు పట్టాయి.

చలికాలంలో ఎంపికలు మొదలయ్యాయి. అప్పుడు మాత్రం వరండాలో కూర్చున్నది నేనే. ఏ ఛానెల్ ధర ఎంత, ఏది విడిగా తీసుకుంటే మంచిది, ఏది కలిపి తీసుకుంటే మంచిది అని లైనులో అడిగినవాళ్లందరికీ ఓపికగా చెప్పాను. నా సలహా తప్పేమీ కాదు, చాలా ఇళ్లకి ఖర్చు తగ్గింది. వాళ్లు సీరియళ్లు వచ్చేవి తీసుకున్నారు, సినిమాలు వచ్చేవి తీసుకున్నారు, కుర్రాళ్లున్న ఇళ్లు ఆటల ఛానెల్ తీసుకున్నాయి. మా ఇంటికి నాన్న వార్తల ఛానెల్ తీసుకున్నాను. మిగతా ఇళ్లవాళ్లు ఏం వదులుకున్నారో నేను గమనించలేదు, ఎవరికి కావలసినవి వాళ్లు ఎంచుకోవడమే కదా నియమం.

వేసవి మొదలవుతుండగా ఒక పొద్దున్న నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు, తెర మీద నల్లటి పలక, దాని మీద ఏవో రెండు ఇంగ్లీషు ముక్కలు. ఆయన టీవీ పక్కన తట్టారు, లేచి తీగ కదిపారు, మళ్లీ కూర్చున్నారు. నేను వేరే తెలుగు ఛానెల్ పెట్టాను. అందులో స్క్రోలింగ్ లేదు. సీరియల్ పేరు వచ్చినప్పుడు అది చదివారు, ప్రకటనలు వచ్చినప్పుడు అవి చదివారు. ఎనభై దాటిన మనిషి "నల్లని, ఒత్తైన, మెరిసే జుట్టు" అని లైనంతా దద్దరిల్లేలా అరిస్తే మొదటి రోజు అందరూ నవ్వారు. రెండు మూడు రోజులకి ఆయనకి కూడా అవి అవే ప్రకటనలని తెలిసిపోయింది. చదవడం మానేశారు. టీవీ ముందు కూర్చుని, కాసేపు చూసి, లేచి వెళ్లి వాకిట్లో నిలబడేవారు. అన్నం పెడితే తినేవారు, సైగ చేస్తే తల ఊపేవారు. నోరు విప్పి మాట్లాడటం పోయింది.

"మావయ్య గొంతు ఇని ఎన్నాళ్లయింది?" అంది మా ఆవిడ ఒక సాయంత్రం. "ఇలా వొదిలీస్తే మనిషి మాటే మర్చిపోతాడు. దాదాని పిలు."

దాదా వచ్చి చెప్పిన సంగతి ఇది. అతనికి ఛానెళ్లు పంపేది పైన ఉన్న ఒక పెద్ద కంపెనీ. అతని ప్రాంతంలో ఆ వార్తల ఛానెల్‌ని ఎంచుకున్న ఇల్లు మాదొక్కటే. ఒక్క ఇంటి కోసం వాళ్లు పంపరు, తీసేశారు. లైనులో ఇన్ని తెలుగు ఇళ్లుంటే ఒక్కటే ఎందుకు తీసుకుందని నేను ఆశ్చర్యపోతుంటే, వాకిట్లో నిలబడి వింటున్న పక్కింటావిడ మామూలుగా అంది:

"మాకెందుకు బావా డబ్బులు దండగ? తాత సదువుతాడు కదా. ఇంట్లో కూకునే వినపడతాది."

అదే మాట ప్రతి ఇల్లూ అనుకుంది. ఒకరితో ఒకరు చెప్పుకోకుండా, అందరూ ఒకటే లెక్క వేసుకున్నారు. ఉచితంగా వచ్చే వార్తకి ధర కట్టడమెందుకని ఒక్కొక్కరూ ఆ ఛానెల్ వదిలేశారు, వదిలేసినందుకు ఆ గొంతు ఆగిపోయింది. నేను చదివిన ప్రకటనలో ఇలాంటి సందర్భం గురించి ఏమీ లేదు.

"ఎన్ని ఇళ్లు కావాలంట?" అని మా ఆవిడ అడిగింది.

"తీస్ అంటున్నారు బౌదీ. ముప్పయి."

"ముప్పయేటి? పదిహేనుకి సెయ్యి."

"ఇది రేటు కాదు బౌదీ, ఇళ్లు!"

"ఇళ్లైతే ఏటి, ఫోన్ సెయ్యి. నాను మాటాడతాను."

దాదా అక్కడే నిలబడి కంపెనీ మనిషికి ఫోన్ చేశాడు. మా ఆవిడ ఆ ఫోన్ లాక్కుని, తనకి వచ్చిన బంగ్లా అంతా వాడి, ముసలాయన సంగతి, రైల్వే సంగతి, ఎన్నేళ్లుగా డబ్బులు కడుతున్నామో ఆ సంగతి చెప్పి, ఆ మనిషి మధ్యలో ఏమంటున్నాడో వినకుండా, ఇరవైకి ఒప్పించింది. ఫోన్ తిరిగి తీసుకున్న దాదా ముఖం చూడాలి. "ఆ కంపెనీ మనిషికి ఇంత పవర్ ఉందని వాడికే తెల్దు," అన్నాడు.

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. అన్నేళ్లు ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నవాళ్లు ఒకే పక్షాన నిలబడి మా లైనువాళ్లతో బేరమాడటం నేను కిటికీలోంచి చూశాను. ఎవరూ ఊరికే ఒప్పుకోలేదు. మా ఆవిడ దగ్గర నేర్చుకున్న లైనది, ఆవిడ విద్య ఆవిడ మీదే వాడింది.

"తీసుకుంటాను గానీ అప్పా," అంది మా ఆవిడని అక్క వరసలో పిలిచే ఒకావిడ, "మీ మావయ్య తెల్లారగట్టే మొదలెట్టకూడదు. మా వాడు నైట్ డ్యూటీ సేసొచ్చి పడుకుంటాడు."

"ఏడు దాటినాకే. ఇంకేటి?"

"ఇజీనారం వార్త రెండుసార్లు సదవాల."

"సదివిస్తాను. మీ ఆయన పేరు కూడా సదివించమంటావేటి?"

మరొకాయన, వర్క్‌షాపులో నాతో పనిచేసినవాడు, సగం చదివి వదిలేయకుండా మిగతా సగం కూడా పూర్తి చేస్తేనే ఒప్పుకుంటానన్నాడు. అది మాత్రం కుదరదు, అక్షరాలు ఆగవు కదా అని దాదా సాంకేతికంగా వివరించి, దాని బదులు ఆయన రెండో టీవీకి తీగ తనే వేసి ఇస్తానన్నాడు. పక్కింటావిడ అందరికన్నా ముందు ఒప్పుకుంది, పైగా తన చెల్లెలి ఇంటిని కూడా లెక్కలో వేయించింది. చివరికి ఇరవై ఇళ్లూ నిండాయి. అందులో ఒక బెంగాలీ ఇల్లు కూడా ఉంది. వాళ్లకి తెలుగు రాదు, కానీ ఆ అరుపు లేకపోతే పొద్దుటి పూట ఎంతయిందో తెలియడం లేదన్నారట.

ఏడు తరువాతే చదవాలన్న షరతు నాన్నకి చెప్పే పని నాకు అప్పగించారు. చెవిలో అరిచి లాభం లేదు కనుక, పలక మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు.

"నాన్నా, ఏడు లోపు చదవకండి, పక్కవాళ్లకి నిద్ర," అని లైనంతటికీ వినపడేలా చదివారు. ఇన్నాళ్లకి ఆయన నోటి నుంచి వచ్చిన వార్త అదే. ఎదురింట్లోంచి ఎవరో "ఠీక్ హై తాతా!" అని అరిచారు, ఆయనకి వినపడలేదు.

ఛానెల్ తిరిగి వచ్చిన రోజు దాదా మా ఇంట్లోనే ఉన్నాడు. తెర నల్లగా ఉన్నదల్లా ఒక్కసారి వెలిగింది, కింద పట్టీ పరుగు మొదలుపెట్టింది. నాన్న కాసేపు నమ్మనట్టు చూశారు. తరువాత ముందుకి వంగి, "రాజాం మార్కెట్లో" అన్నారు. అంతవరకే దొరికింది. వాకిట్లో పక్కింటావిడ, మెట్ల మీద ఇంకో ఇద్దరు ముగ్గురు, గుమ్మంలో దాదా, అందరం రాజాం మార్కెట్లో ఏమైందోనని నిలబడ్డాం. అది అరటికాయల ధర అని తేలడానికి చాలాసేపు పట్టింది. దాదా ఆ అరటికాయల ధర విని, తృప్తిగా తల ఊపి, చెప్పులు వేసుకున్నాడు.

నాన్న ఆ తరువాత మరికొన్నాళ్లు ఉన్నారు. ఆఖరి రోజుల్లో అక్షరాలు ఇంకా వేగంగా పోతున్నాయని అనేవారు, మూడు మాటలు పట్టుకుంటే ఎక్కువ. ఒక ఉదయం ఏడు దాటినా గొంతు వినపడకపోతే పక్కింటావిడే ముందు వచ్చి తలుపు తట్టింది.

తరువాత నేను రిటైరయ్యాను, క్వార్టర్ ఖాళీ చేసి ఇద్దరం మలంచా వచ్చేశాం. దాదా ఇప్పుడు కేబుల్ కన్నా ఇంటర్నెట్ తీగలు ఎక్కువ లాగుతున్నాడు. ఈ మధ్య గోల్ బజార్‌లో కూరగాయల దగ్గర కనపడితే, నిలబడి మాట్లాడుకున్నాం. వాళ్ల పిల్లల సంగతులు, మా మోకాళ్ల సంగతులు అయ్యాక, మా పాత లైనులో ఆ వార్తల ఛానెల్ ఇంకా వస్తోందా అని అడిగాను.

"అది పోయి సాన్నాళ్లయింది దాదా," అన్నాడు, నన్నూ అన్న వరసలోనే పిలుస్తూ. "ఒకరి తరవాత ఒకరు వొదిలీసినారు. కంపెనీ తీసీసింది. నాను భయపడినాను, ఫోన్లొస్తాయి, తిడతారని. ఫోన్ పక్కనే పెట్టుకుని కూకున్నాను."

"ఎవరు చేశారు?"

"ఎవులూ సెయ్యనేదు."

అతను సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను ఇంటికి రావలసినవాణ్ణి, ఎందుకో పూరీ గేట్ వైపు నుంచి ఆ పాత లైను మీదుగా నడిచాను. కిటికీలకి కూలర్లు బిగించారు, తలుపులు మూసి ఉన్నాయి. హిజ్లీ కాలేజీలో చదువుకునే మన తెలుగు కుర్రాళ్లిద్దరు ఒక క్వార్టర్‌లో గది అద్దెకి తీసుకున్నట్టున్నారు, గుమ్మంలో కూర్చుని చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటున్నారు. పక్కింటావిడ నన్ను గుర్తుపట్టి లోపలికి పిలిచి టీ ఇచ్చింది. వానలు గట్టిగా పడుతున్న రోజులు. నాగావళి పొంగుతోందని దారిలో నా ఫోన్లోనే చూశాను. ఆ మాట ఆవిడకి చెబుదామని నోరు తెరిచాను కానీ, ఆవిడ చేతిలోని ఫోన్లో అదే వార్త, అదే ఫొటో కనపడింది. ఇద్దరం టీ తాగాం.